రివ్యూ ఒక్కటీ లేని అతిథికి తాళం ఇచ్చే ముందు: స్వల్పకాలిక అద్దె హోస్టుకు సమగ్ర మార్గదర్శి

శనివారం రాత్రికి ఇల్లు కావాలని ఒక అభ్యర్థన వస్తుంది. ఖాతా ఈ నెలలోనే తెరిచారు. రివ్యూలు లేవు. ప్రొఫైల్‌లో పేరు తప్ప ఇంకే వివరమూ కనిపించదు. సందేశంలో "ఇల్లు ఖాళీగా ఉందా?" అన్న ఒక్క ముక్క. ఇక్కడే చాలామంది హోస్టులు, అంటే ఇంటిని అద్దెకిచ్చేవారు, తప్పటడుగు వేస్తారు. కొందరు కొత్తవాళ్లంటేనే భయపడి వెంటనే తిరస్కరిస్తారు, నెలాఖరుకు ఖాళీగా పోయిన రోజులు లెక్కపెట్టుకుంటారు. మరికొందరు బుకింగ్ వస్తే చాలనుకుని కళ్లు మూసుకుని ఒప్పుకుంటారు, అర్ధరాత్రి పొరుగింటివాళ్ల ఫోన్లకు సమాధానం చెప్పుకుంటారు.

రివ్యూ లేదంటే మనకు సమాచారం లేదని మాత్రమే అర్థం. ఆ ఖాళీని ప్రశ్నలతో నింపుకోవాలి. మనం నింపకపోతే ఊహలు వచ్చి నింపుతాయి. ఎదుటి మనిషి మంచివాడా, చెడ్డవాడా అన్నది నాలుగు సందేశాలతో ఎవరూ తేల్చలేరు. కానీ ఈ బస ఈ ఇంటికి సరిపోతుందా లేదా అన్నది తేల్చవచ్చు. ఎంతమంది, ఎన్ని రాత్రులు, ఏ పని మీద, ఇంటి నియమాలు చదివారా అనే నాలుగు విషయాలు తెలిస్తే నిర్ణయం చాలావరకు దానంతట అదే తేలుతుంది. మెట్లన్నీ ఆ దారిలోనే ఉంటాయి.

మొదటి మెట్టు: వడపోత పని లిస్టింగ్‌కే అప్పగించండి

అతిథితో మాట మొదలవకముందే సగం పని అయిపోవాలి. ఇల్లు తమకు సరిపడదని లిస్టింగ్ (యాప్‌లో మీ ఇంటి ప్రకటన) చదివి తమంతట తాము తప్పుకునేవారు మీకు పెద్ద మేలు చేస్తున్నట్టే. అందుకని ఇంటి నియమాలు కొలతకు అందేలా రాయండి. "ఇంటిని మీ ఇంటిలాగే చూసుకోండి" అన్న వాక్యానికి విలువ లేదు. తన ఇంటిని ఎలా చూసుకుంటాడో ఎవరికి తెలుసు? "పగలు వచ్చి వెళ్లేవారితో కలిపి ఇంట్లో ఏ సమయంలోనూ ఆరుగురికి మించకూడదు", "రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు బాల్కనీలో మాటలు, సంగీతం వద్దు", "రెండు కార్లకే చోటు ఉంది" అని రాస్తే అది నియమం అవుతుంది. రేపు వివాదం వచ్చినప్పుడు చూపించడానికీ పనికొస్తుంది.

లోపాలను దాచకండి. లిఫ్టు లేదు, పై అంతస్తులో వృద్ధులు ఉంటారు, గోడ పలుచన, వీధి ఇరుకు. ఇవన్నీ రాస్తే బుకింగులు తగ్గుతాయన్న భయం సహజమే. తగ్గుతాయి కూడా. తగ్గేవి మాత్రం ఎక్కువగా ఫిర్యాదుతో ముగిసే బుకింగులు.

ఫోటోలు కూడా మాట్లాడతాయి. పెద్ద స్పీకర్లు, బార్ కౌంటర్, రంగు దీపాల టెర్రస్ మొదటి ఫోటోలో పెట్టి, కింద "పార్టీలు నిషిద్ధం" అని రాస్తే జనం ఫోటోనే నమ్ముతారు. మీకు కుటుంబాలు కావాలంటే ముందు పడకగదులు, వంటగది చూపించండి.

ఇక ధర, రాత్రుల సంఖ్య. పెద్ద ఇంటికి శుక్ర, శనివారాల్లో కనీసం రెండు రాత్రులు అని పెడితే ఒక్క రాత్రి పార్టీ కోసం వెతికేవారిలో చాలామంది వేరే చోటికి వెళతారు. అదే రోజు బుకింగ్‌ను ఆపి కనీసం ఒక రోజు ముందు అభ్యర్థించాలని పెడితే మీకు మాట్లాడే సమయం చిక్కుతుంది. చుట్టుపక్కల ఇళ్ల కన్నా బాగా తక్కువ ధర పెట్టి మంచి అతిథుల కోసం ఎదురుచూడటం మాత్రం నాకు అర్థం కాని వ్యాపారం. కొత్త హోస్టులు మొదటి రివ్యూల ఆశతో ఇలా చేస్తుంటారు. తగ్గించాలనుకుంటే వారం మధ్య రోజులకు తగ్గించండి.

రెండో మెట్టు: యాప్ ఏం చూస్తుంది, ఏం చూడదు

ఇళ్లను కొద్దిరోజులకు అద్దెకిచ్చే యాప్ ఎయిర్‌బీఎన్‌బీలో ఇన్‌స్టంట్ బుక్ (హోస్టు అనుమతి కోసం ఆగకుండా అతిథి నేరుగా బుక్ చేసుకునే వీలు) పెట్టుకున్న హోస్టు, గతంలో మంచి రికార్డు ఉన్న అతిథులకే అది వర్తించేలా మార్చుకోవచ్చు. అప్పుడు రివ్యూ లేని కొత్తవారు నేరుగా బుక్ చేయలేరు, అభ్యర్థన పంపాలి. దానికి జవాబు ఇవ్వడానికి మీకు 24 గంటలు ఉంటాయి. కొత్తవారిని తలుపు బయటే నిలిపేయకుండా, అలాగని అడగకుండానే లోపలికి రానివ్వకుండా ఉండాలంటే ఇంతకన్నా మంచి అమరిక లేదు. బుక్ చేసేముందు అతిథి తప్పక జవాబివ్వాల్సిన సందేశం కూడా పెట్టుకునే వీలుంది. దాన్ని ఖాళీగా వదిలేయకండి. బుకింగ్.కామ్‌లో చాలావరకు బుకింగులు వెంటనే ఖరారవుతాయి కాబట్టి అక్కడ ముందస్తు చెల్లింపు, నష్టపరిహార నిబంధనలు, కనీస రాత్రులు వంటి సెట్టింగులే మీ వడపోత. ఇలాంటిదే మరో యాప్ వర్బోలో నష్టపరిహార డిపాజిట్ అడిగే వీలుంది.

ప్రొఫైల్ మీద "గుర్తింపు ధ్రువీకరించబడింది" అన్న ముద్ర కనబడగానే ఊపిరి పీల్చుకునేవారు చాలామంది. ఆ ముద్ర చెప్పేది ఒక్కటే: ఆ ఖాతాదారు తన పేరు, వివరాలను యాప్‌కు చూపించి సరిపోల్చుకున్నాడు. రాత్రి ఎన్ని గంటలకు పడుకుంటాడో, గోడలకు మేకులు కొడతాడో లేదో అది చెప్పదు. ముద్ర లేకపోతే ముందుకు వెళ్లకండి. ఉన్నంత మాత్రాన అడగాల్సినవి మానకండి.

మూడో మెట్టు: అభ్యర్థనను చదవడం

ఏ ఒక్క గుర్తూ ఒంటరిగా ఏమీ చెప్పదు. కలిస్తేనే చెబుతాయి. 2022 ఆగస్టులో అమెరికా, కెనడాల్లో పార్టీలను అడ్డుకునే సాంకేతికతను ప్రవేశపెట్టినప్పుడు, తాను చూసే అంశాలు ఏమిటో ఎయిర్‌బీఎన్‌బీ బయటికి చెప్పింది. ఖాతాకు మంచి రివ్యూలు ఉన్నాయా, ఖాతా తెరిచి ఎంతకాలమైంది, ఎన్ని రాత్రులు, అతిథి ఉండే చోటికీ అద్దె ఇంటికీ దూరమెంత, వారాంతమా మామూలు రోజులా అన్నవి అందులో ఉన్నాయి. మీరు కూడా ఇవే చూడవచ్చు. అదే ఊరివారు, ఒక్క రాత్రి, శనివారం, పెద్ద ఇల్లు, అప్పటికప్పుడు అభ్యర్థన. ఈ ఐదూ ఒకేచోట కనిపిస్తే ఆగి మాట్లాడాలి. వీటిలో ఒకటో రెండో కనిపిస్తే అది మామూలు జీవితం. సొంత ఊళ్లోనే ఇల్లు అద్దెకు తీసుకోవడానికి బోలెడు మంచి కారణాలు ఉంటాయి. ఇంటికి రంగులు వేస్తున్నారు, నీళ్ల పైపు పగిలింది, బంధువులు ఎక్కువమంది వచ్చారు, పాత ఇల్లు ఖాళీ చేశారు గానీ కొత్త ఇంటి తాళం ఇంకా చేతికి రాలేదు.

ఈ కలయిక ఎంత ముఖ్యమో 2019 అక్టోబర్ 31న కాలిఫోర్నియాలోని ఒరిండా పట్టణంలో జరిగిన ఘటన చూపిస్తుంది. హాలోవీన్ పండుగ రాత్రికి ఒక్క రోజు కోసం ఇల్లు అద్దెకు తీసుకున్న వ్యక్తి, తమ కుటుంబంలో పన్నెండు మందికి ఆస్తమా ఉందని, కార్చిచ్చు పొగ నుంచి దూరంగా ఉండాలని యజమానికి చెప్పినట్టు అప్పట్లో వార్తలు వచ్చాయి. అనుమానం వచ్చిన యజమాని పార్టీలు కుదరవని గుర్తుచేశారు కూడా. అయినా ఆ రాత్రి వందమందికి పైగా గుమిగూడిన పార్టీలో కాల్పులు జరిగి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాతే ఎయిర్‌బీఎన్‌బీ "పార్టీ ఇళ్ల"ను నిషేధిస్తున్నట్టు ప్రకటించింది. 2020 ఆగస్టులో ప్రపంచవ్యాప్తంగా పార్టీలను నిషేధించి, 2022 జూన్‌లో దాన్ని శాశ్వత నియమంగా మార్చింది. హోస్టు ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, కథ ఎంత కదిలించేలా ఉన్నా తేదీ, రాత్రుల సంఖ్య, దూరం చెప్పేదాన్ని అది చెరిపేయలేదు. కథ ఒకవైపు, కొలతలు మరోవైపు లాగుతుంటే కొలతలనే నమ్మండి. ఇంకొక ప్రశ్న వేయండి.

లెక్కలోకి తీసుకోకూడనివి కూడా ఉన్నాయి. ఈ మాట కొందరు హోస్టులకు రుచించదు. పేరు, మతం, కులం, రంగు, భాష, ఊరు, పెళ్లయిందా లేదా, ఫోటోలో ఎలా ఉన్నారు, సందేశంలో అక్షర దోషాలు ఉన్నాయా. వీటితో ఇంటికి జరిగే నష్టానికి సంబంధం లేదు. ఇది కేవలం మర్యాద మాట కాదు. 2015లో ముగ్గురు హార్వర్డ్ పరిశోధకులు అమెరికాలోని ఐదు నగరాల్లో సుమారు 6,400 ఎయిర్‌బీఎన్‌బీ లిస్టింగ్‌లకు, పేర్లు తప్ప అన్నీ ఒకేలా ఉన్న అభ్యర్థనలు పంపారు. ఆఫ్రికన్ అమెరికన్ పేర్లు అనిపించే అతిథులను హోస్టులు ఒప్పుకునే అవకాశం తెల్లవారి పేర్లున్నవారితో పోలిస్తే సుమారు 16 శాతం తక్కువగా తేలింది. 2020లో అచ్చయిన మరో అధ్యయనం ఇంకో అడుగు ముందుకు వేసింది. రివ్యూ లేనప్పుడు కనిపించిన ఆ తేడా, ప్రొఫైల్‌లో ఒక్క రివ్యూ ఉంటే దాదాపు మాయమైంది. అంటే వివక్ష దెబ్బ గట్టిగా తగిలేది మొదటిసారి వచ్చిన అతిథులకే. 2018 నుంచి ఎయిర్‌బీఎన్‌బీ, బుకింగ్ ఖరారయ్యాకే అతిథి ఫోటోను హోస్టుకు చూపించడం వెనుక కారణం ఇదే. చాలా దేశాల్లో ఇలాంటి తిరస్కారం చట్టవిరుద్ధం కూడా. అంధులకు తోడుగా వచ్చే శిక్షణ పొందిన కుక్కను "పెంపుడు జంతువులు వద్దు" అన్న నియమం కింద ఆపడం కూడా పలుచోట్ల చెల్లదు. యాప్ విధానమూ దానికి ఒప్పుకోదు.

నాలుగో మెట్టు: సంభాషణ

మొదటిసారి వచ్చే అతిథికి ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో తెలియదు. హోటల్ అనుకుని "రిసెప్షన్ ఎక్కడ?" అంటాడు. బేరమాడతాడు. వచ్చాక డబ్బులిస్తానంటాడు. ఫోన్ నంబరు అడుగుతాడు. పాత హోస్టులకు ఇవన్నీ మోసగాళ్ల లక్షణాలుగా కనబడతాయి. నిజానికి కొత్తవాడి లక్షణాలూ ఇవే. ఒకసారి మర్యాదగా విధానం చెప్పి చూడండి. కొత్తవాడైతే "అలాగా, తెలియలేదండీ" అని దారికి వస్తాడు. మోసగాడైతే మళ్లీ అదే అడుగుతాడు. ఈ రెండో స్పందనే మీకు కావలసిన సమాచారం.

ప్రశ్నలు ఐదారుకు మించకూడదు. అందరికీ ఒకే సందేశం పంపండి. ఒకరిని అడిగి మరొకరిని వదిలేస్తే, మీకు తెలియకుండానే వివక్షలోకి జారిపోతారు. యాప్‌లో ఈ సందేశాన్ని దాచిపెట్టుకుంటే ప్రతిసారీ రాయనక్కర్లేదు. నమూనా ఇది:

"నమస్కారమండీ. మా ఇంటిని ఎంచుకున్నందుకు ధన్యవాదాలు. మీ బసకు అన్నీ సిద్ధం చేయడానికి కొన్ని వివరాలు కావాలి. మొత్తం ఎంతమంది వస్తున్నారు, వారిలో పెద్దలు, పిల్లలు ఎంతమంది? ఏ పని మీద వస్తున్నారు? పగలు కలవడానికి వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటారా? ఎన్ని వాహనాలు? సుమారుగా ఎన్ని గంటలకు చేరుకుంటారు? మా ఇంటి నియమాలు చదివారని అనుకుంటున్నాను. వాటిలో ఏదైనా మీకు ఇబ్బందిగా ఉంటే ఇప్పుడే చెప్పండి, మాట్లాడుకుందాం."

ప్రతి ప్రశ్న వెనుకా ఒక పని ఉంది. పిల్లల సంఖ్య అడగడం మెట్లు, బాల్కనీ భద్రత గురించి చెప్పడానికి. వాహనాల సంఖ్య పైకి అమాయకంగా ఉంటుంది గానీ, నలుగురమన్నవారు నాలుగు కార్లు అంటే లెక్క తప్పినట్టే. పగటి అతిథుల ప్రశ్న అన్నిటికన్నా విలువైనది. రాత్రి పడుకునేవారి సంఖ్య చాలామంది నిజమే చెబుతారు. చిక్కంతా సాయంత్రం "ఊరికే వచ్చి వెళ్లే" వారితోనే. చివరి వాక్యం ఉచ్చు అనుకోకండి. నియమాలు చదవని అతిథి ఆ వాక్యం చూసి వెళ్లి చదువుతాడు. మనకు కావలసింది అదే.

మీరు పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు రాసుకుంటున్నట్టు ప్రశ్నలు వేస్తే మంచి అతిథులే ముందు పారిపోతారు. అబద్ధం చెప్పదలచుకున్నవాడు ఎన్ని ప్రశ్నలకైనా ఓపికగా జవాబిస్తాడు. అందుకే ప్రశ్నతో పాటు కారణం కూడా చెప్పండి: "పార్కింగ్ ఇరుకు కాబట్టి అడుగుతున్నాను", "పైన పెద్దవాళ్లు ఉంటారు కాబట్టి ముందే చెబుతున్నాను".

జవాబులు ఎలా చదవాలో మూడు ఉదాహరణలు.

"అమ్మానాన్నల యాభయ్యో పెళ్లిరోజు. మేము ఆరుగురం, ఇద్దరు పిల్లలు. ఇంట్లోనే వండుకుంటాం. మధ్యాహ్నం అత్తయ్యవాళ్లు నలుగురు వచ్చి భోజనం చేసి వెళతారు, పరవాలేదా?" ఇందులో వేడుక ఉంది, అదనపు మనుషులూ ఉన్నారు. అయినా ఇది మంచి జవాబు. అడగకముందే అంకె, సమయం చెప్పి అనుమతి కోరారు. మీ పరిమితి ఆరుగురే అయితే ఆ నలుగురి విషయం ముందే తేల్చండి. ఒప్పుకుంటే ఎన్ని గంటల వరకో రాసి పంపండి.

"డబ్బు కడుతున్నాను కదా, ఇవన్నీ ఎందుకు?" ఈ జవాబు చూడగానే తిరస్కరించాలనిపిస్తుంది. ఒకసారి ఆగండి. హోటల్‌లో ఎవరూ ఇలా అడగరు కాబట్టి కొత్తవారికి చిరాకు రావచ్చు. "ఇది మా సొంత ఇల్లండీ, పక్కన కుటుంబాలు ఉంటాయి, అందుకే అందరినీ అడుగుతాం" అని ఒక్కసారి చెప్పి చూడండి. రెండోసారి కూడా జవాబు రాకపోతే ఇక ఆ బస మీ ఇంటికి సరిపోదు.

మూడోది అసలు జాగ్రత్తపడాల్సినది. మొదట నలుగురు. తర్వాత "ఐదారుగురం". ఇంకాసేపటికి "కొందరు ఫ్రెండ్స్ వస్తారు, పడుకోరులెండి". అంకె ప్రతి సందేశానికీ పెరుగుతుంటే అది వచ్చే రోజు వరకు పెరుగుతూనే ఉంటుంది. స్పష్టమైన సంఖ్య రాసి ఇవ్వమని అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి.

సామాజిక మాధ్యమాల్లో అతిథి ఖాతాలు వెతకాలా అని చాలామంది అడుగుతారు. నేను వద్దంటాను. ఒకే పేరుతో ఎందరో ఉంటారు. దొరికినా అక్కడ కనిపించేవి మతం, రాజకీయం, తాగిన ఫోటో. అంటే లెక్కలోకి తీసుకోకూడనివే. గంటసేపు తవ్వితే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. అనుమానం మిగిలితే యాప్ ద్వారా రెండు నిమిషాల ఫోన్ కాల్ అడగండి. రాతలో తడబడేవారు మాటలో చక్కగా చెబుతారు. ఏ ప్రయాణమో కూడా తెలియకుండా ఇంకొకరి కోసం బుక్ చేస్తున్నవారు మాటలో దొరికిపోతారు.

ఐదో మెట్టు: మోసం వేరు, మొరటుతనం వేరు

మొరటు అతిథి వల్ల సోఫా పాడవుతుంది. మోసగాడి వల్ల ఖాతాయే పోతుంది. ఈ రెంటినీ కలిపి చూడకండి.

యాప్ బయట చెల్లిస్తానంటే ఒప్పుకోకండి. కమీషన్ మిగులుతుందన్న ఆశ సహజమే గానీ, ఆ క్షణం నుంచి నష్టపరిహారం, వివాద పరిష్కారం, రద్దు రక్షణ ఏవీ ఉండవు. పెద్ద యాప్‌లన్నీ దీన్ని నిషేధిస్తాయి కూడా. ఎక్కువ మొత్తం పంపించి "పొరపాటున పంపాను, మిగిలింది వెనక్కి ఇవ్వండి" అనేది పాత ఎత్తు. మీరు పంపింది వెళ్లిపోతుంది, వారు పంపింది చెల్లదు.

ఈమధ్య పెరిగిన ఎత్తు ఇంకొకటి ఉంది. అతిథిలా పరిచయమై "మా అమ్మాయికి అలర్జీలు ఉన్నాయి, వివరాలు ఈ లింకులో చూడండి" అనో, "మ్యాపులో మీ ఇల్లు వేరే చోట చూపిస్తోంది, ఈ ఫోటో తెరవండి" అనో రాస్తారు. తెరిస్తే మీ లాగిన్ వివరాలు పోతాయి. ఆ తర్వాత మీ ఖాతా నుంచే మీ అసలు అతిథులకు డబ్బు అడుగుతూ సందేశాలు వెళతాయి. లింకు ఎవరు పంపినా "దయచేసి ఇక్కడే టైపు చేయండి" అనండి. ఓటీపీ అడిగేవాడు అతిథి కాదు.

తాను రాకుండా వేరేవారి కోసం బుక్ చేయడం కూడా చిక్కే. కొడుకు తల్లిదండ్రులకు బుక్ చేయడం మంచి ఉద్దేశమే. కానీ వ్యక్తిగత ప్రయాణాల్లో బస చేయని వ్యక్తి బుక్ చేస్తే యాప్ రక్షణలు చిక్కుల్లో పడవచ్చు. బస చేసేవారి పేరుతో ఖాతా తెరిచి బుక్ చేయమనండి. పెద్దవాళ్లకు ఖాతా తెరవడం కష్టమంటే, ఏం చేయాలో సహాయ కేంద్రాన్ని అడిగి, వారి జవాబును యాప్ సందేశాల్లోనే ఉంచండి.

యాప్ లేకుండా నేరుగా బుకింగులు తీసుకునేవారు ఈ భారమంతా తామే మోయాలి. రాతపూర్వక ఒప్పందం, డిపాజిట్, గుర్తింపు పత్రం తప్పనిసరి. గుర్తింపు వివరాల విషయంలో చట్టం ఏం కోరుతుందో ముందు తెలుసుకోండి. ఇటలీలో అతిథుల వివరాలను వచ్చిన 24 గంటల్లోగా పోలీసులకు తెలపాలి. భారత్‌లో విదేశీ అతిథి వస్తే అదే గడువులో ఆ వివరాలను విదేశీయుల నమోదు అధికారులకు తెలపాలి. చట్టం కోరినంతే తీసుకోండి. ఫోన్ గ్యాలరీలో, వాట్సాప్‌లో ఇతరుల పాస్‌పోర్టు ఫోటోలు పోగేసుకోవడం రేపు మీకే ప్రమాదం. అవసరం తీరాక చెరిపేయండి.

ఆరో మెట్టు: అవును, కాదు, అయితే

నిర్ణయం 24 గంటల చివరి నిమిషం దాకా లాగకండి. అవునంటే సంభాషణలో తేలినవాటిని ఒకసారి రాసి పంపండి: "మీరు ఆరుగురు, రెండు కార్లు, శనివారం మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు మరో నలుగురు. ఇది సరేనా?" అతిథి "సరే" అన్న ఆ ఒక్క మాట తర్వాత చాలా పనికొస్తుంది.

కాదంటే ఇంటికి సంబంధించిన కారణమే చెప్పండి. "మా ఇంట్లో పన్నెండు మందికి వసతి లేదండీ, నియమాల ప్రకారం ఆరుగురే. క్షమించండి." ఇంతే. అబద్ధపు సాకులు వద్దు. ఆ తేదీలకు ఖాళీ లేదని చెప్పి క్యాలెండర్ తెరిచే ఉంచితే అతిథికి కనబడుతుంది. వివక్ష ఫిర్యాదుకు ఇంతకన్నా మంచి ఆధారం దొరకదు. ఉపన్యాసం కూడా వద్దు. "మీలాంటివారికి" అన్న మాటతో మొదలయ్యే వాక్యం ఏదీ పంపకండి.

ఇన్‌స్టంట్ బుక్‌లో ఖరారయ్యాక అనుమానం వస్తే సొంతంగా రద్దు మీట నొక్కకండి. ఎయిర్‌బీఎన్‌బీలో రాకకు 48 గంటల లోపు హోస్టు రద్దు చేస్తే బుకింగ్ మొత్తంలో 50 శాతం దాకా రుసుము పడవచ్చు. అతిథి నియమం మీరతానని రాసిన సందేశం ఉంటే ముందు సహాయ కేంద్రానికి ఫోన్ చేసి, దాన్ని చూపించి, వారి ద్వారానే రద్దు చేయించండి. మాటలన్నీ యాప్‌లోనే సాగాలనేది ఇందుకే.

ఏడో మెట్టు: ఒప్పుకున్నాక

వడపోత తాళం ఇచ్చేదాకా సాగుతుంది. రాకకు ఒక రోజు ముందు దారి వివరాలు పంపుతూ మనుషుల సంఖ్య మళ్లీ అడగండి. మారితే అప్పుడే తెలుస్తుంది. వీలైతే మీరో మీ మనిషో ఎదురుగా ఉండి ఐదు నిమిషాలు ఇల్లు చూపించండి. గీజరు స్విచ్ ఎక్కడ, చెత్త ఎక్కడ వేయాలి, ఏ తలుపు గట్టిగా వేస్తే శబ్దం వస్తుంది. కొత్త అతిథుల వల్ల జరిగే నష్టాల్లో ఎక్కువ భాగం తెలియక జరిగేవే. ఎదురుగా చూసిన మనిషి ఇంటిని కొంచెం జాగ్రత్తగా వాడటం కూడా మామూలే.

శుభ్రం చేసే మనిషి పని ముగించాక ప్రతి గదిలో తేదీతో ఫోటోలు తీయించండి. ఎయిర్‌బీఎన్‌బీలో నష్టపరిహారం కోసం చెక్‌అవుట్ అయిన 14 రోజుల్లోగా అడగాలి. ముందటి ఫోటో లేకుండా వెనకటి ఫోటోకు విలువ ఉండదు.

కెమెరాల విషయంలో ఒక్క మాట. ఇంటి లోపల కెమెరాలను ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి పూర్తిగా నిషేధించింది, ఆపి ఉంచినా సరే. వీధి తలుపు దగ్గర కెమెరా, శబ్ద స్థాయిని మాత్రమే కొలిచే పరికరం లిస్టింగ్‌లో ముందే తెలిపితే పెట్టుకోవచ్చు. శబ్ద పరికరం పడకగదిలో, స్నానాలగదిలో ఉండకూడదు. చెప్పకుండా పెట్టిన పరికరం దొరికితే చెడ్డ అతిథి కన్నా ఎక్కువ నష్టం మీకే.

పరిమితి దాటి మనుషులు వచ్చినట్టు తెలిస్తే మొదట సందేశం, తర్వాత ఫోన్. "ఆరుగురని అనుకున్నాం, పదిమంది కనబడుతున్నారు. 10 గంటలలోపు మిగతావారు వెళ్లాలండీ" అని ప్రశాంతంగా చెబితే చాలాసార్లు అక్కడితో ఆగుతుంది. ఆగకపోతే తలుపు దగ్గర గొడవకు దిగకండి. యాప్ సహాయ కేంద్రం, తర్వాత పోలీసులు.

చివరి పని: రివ్యూ రాయండి

ఎయిర్‌బీఎన్‌బీలో చెక్‌అవుట్ తర్వాత 14 రోజుల్లో రెండు పక్షాలూ రివ్యూ రాయవచ్చు. ఇద్దరూ రాసేదాకా, లేదా గడువు ముగిసేదాకా ఒకరిది మరొకరికి కనబడదు. కాబట్టి ప్రతీకారం భయం అక్కర్లేదు. మొదటిసారి వచ్చిన అతిథికి ఇది మొదటి రివ్యూ. తర్వాతి హోస్టుకు ఉన్న ఏకైక సమాచారం మీరు రాసేదే. "మంచి అతిథి" అని రాసి ఊరుకోకండి. చెప్పినంతమందే వచ్చారా, శబ్దం గురించి ఫిర్యాదు వచ్చిందా, ఇల్లు ఎలా వదిలి వెళ్లారు, సందేశాలకు జవాబిచ్చారా అని రాయండి. చెడ్డ అనుభవమైతే విశేషణాలు తీసేసి జరిగింది రాయండి. "ఆరుగురికి బుక్ చేసి పదకొండు మంది వచ్చారు, అర్ధరాత్రి పొరుగువారి నుంచి రెండు ఫోన్లు వచ్చాయి" అన్న వాక్యం "బాధ్యత లేని మనుషులు" అన్న తిట్టు కన్నా గట్టిగా పనిచేస్తుంది.

ఆ బసలో ఇబ్బంది ఏదైనా ఎదురైతే మీ ప్రశ్నల సందేశం ఒకసారి తెరవండి. ఏది అడిగి ఉంటే ముందే తెలిసేదో దాన్ని చేర్చండి. ప్రశ్నలు ఆరు దాటితే ఇన్నాళ్లూ ఏ నిర్ణయానికీ ఉపయోగపడనిదాన్ని వెతికి కొట్టేయండి.